చేనులో నిలిచిపోయిన కట్టెలు

పంట నష్టం రాసే పనిలో అన్నిటికంటే ముందు పాడయ్యేది ముక్కు. వ్యవసాయ శాఖలో ఈ మధ్యే చేరిన మీకు ఆ సంగతి ఇంకా తెలియకపోతే వచ్చే తుఫానుకు తెలుస్తుంది. వాననీళ్ళలో నాని కుళ్ళిన టమోటా చేను వాసన ఒకసారి పట్టుకుందంటే చీరకు, చెప్పులకు, బండి సీటుకు అంటుకుని వారాల తరబడి వదలదు. ఇప్పటికీ మా ఇంట్లో సాంబారులో టమోటా ముక్క మెత్తబడి కనిపిస్తే నేను ముద్ద వదిలేసి లేచిపోతాను. మా ఆయన మొదట్లో ఎగతాళి చేసేవారు. ఇప్పుడు మాట్లాడకుండా నా కంచంలోంచి ఆ ముక్కలు తీసేస్తున్నారు.

నేను కుప్పంలో చేరి, పుంగనూరు వైపు ఒక మండలంలో వ్యవసాయాధికారిగా రిటైరయ్యాను. ఇప్పుడు ఇల్లు మదనపల్లెలో. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మంచి రోజులు లేవని అనను. సన్మానం చేసి శాలువా కప్పిన రోజు అందరూ వాటి గురించే మాట్లాడారు. నాకు మాత్రం ఆ శాలువా కింద కూర్చున్నంతసేపూ ఒక రైతే గుర్తొస్తూ ఉన్నాడు. అతని టమోటా రెండేళ్ళు వరసగా వానకు పోయింది. మొదటి ఏడు ప్రభుత్వ సాయం అతనికి అందలేదు, అయినా నిలదొక్కుకున్నాడు. రెండో ఏడు అందింది. అతను దెబ్బ తిన్నది ఆ రెండో ఏడే.

ముందు ఈ సాయం ఏమిటో చెప్పాలి. ఊళ్ళో అందరూ నష్టపరిహారం అంటారు గానీ మన కాగితాల్లో దాని పేరు ఇన్‌పుట్ సబ్సిడీ. పోయిన పంట ఖరీదు ఎవరూ ఇవ్వరు. రైతు మళ్ళీ విత్తనమో నారో తెచ్చుకుని పంట పెట్టుకోవడానికి చేతికింత అందించడం దాని ఉద్దేశం. మూడో వంతు కంటే ఎక్కువ పంట పోయి ఉండాలి. మనమూ రెవెన్యూవాళ్ళూ కలిసి చేనుకు వెళ్ళాలి. పాడైన పంట చేనులో ఉండగా, రైతును దాని మధ్య నిలబెట్టి, ఫోన్‌లోని యాప్‌లో ఫోటో తీయాలి. అంటే మళ్ళీ పంట పెట్టుకోవడానికి ఇచ్చే సాయం, అప్పటిదాకా మళ్ళీ పంట పెట్టకుండా కూర్చున్నవాడికే అందుతుంది. ఇందులో ఉన్న వింత నాకు కుప్పంలో తెలియలేదు. అక్కడ వచ్చేవి కరువులు. కరువొస్తే మండలం మొత్తానికి ప్రకటిస్తారు. ఎండిన వేరుశనగ చేను మనం ఎప్పుడు వెళ్ళినా ఎండిపోయే ఉంటుంది, పారిపోదు. వానకు పోయిన టమోటా చేను సంగతి వేరని పుంగనూరు వచ్చాకే తెలిసింది.

ఎందుకంటే టమోటా రైతుకు వాన వెలిసిన మరునాటి నుంచే తొందర. చేనులో నీళ్ళు తీయాలి, కుళ్ళిన మొక్క పీకాలి, కట్టెలు కాపాడుకోవాలి. మా వైపు టమోటాను నేల మీద పాకనివ్వరు. సాలు పొడవునా కట్టెలు నాటి, దారం లాగి, మొక్కను పైకి కడతారు. ఆ కట్టెలే రైతు ఆస్తి. ఒక్క పంటకని కొనరు, ఏళ్ళ తరబడి వాడుకుంటారు. తడి నేలలో వదిలేస్తే అడుగు చివికిపోతుంది. అందుకే పంట పోయినా కట్టె పోకూడదని పరుగెత్తుతారు.

ఆ పరుగులో మా రైతు కంటే ముందుండేవాడు మండలంలో లేడు. భార్యాభర్తలిద్దరే పని చేసుకునేవాళ్ళు. పంట అయిపోయిందంటే ఇద్దరూ చెరో పక్క నుంచి కట్టెలు పీకుతూ వచ్చి మధ్యలో కలిసేవాళ్ళు. పీకిన కట్టెలకు మట్టి గీకి, కడిగి, ఎండబెట్టి, పొడుగువి ఒక వైపు, పొట్టివి ఒక వైపు రేకుల కింద పేర్చేవాళ్ళు. దారం కూడా చుట్టలు చుట్టి పెట్టేది ఆయమ్మ. ఊళ్ళో వాళ్ళకు అది వేళాకోళం. "ఆయప్ప కట్టెలకి దుప్పటి గూడా కప్పుతాడు" అనేవాళ్ళు. అతను నవ్వేవాడు గానీ పని ఆపేవాడు కాదు. నాకు ముక్కు మీద కోపం అని శాఖలో పేరుంది. అతని చేను గట్టు మీద నిలబడినప్పుడు మాత్రం ఆ కోపం ఎటో పోయేది.

మొదటి ఏడు వాన కార్తీక మాసంలో పట్టుకుంది. వంకలు పొర్లి, చెరువులు అలుగు పారి, కాపు మీదున్న టమోటా మోకాటి లోతు నీళ్ళలో నిలబడింది. వాన వెలిశాక మేము వెంటనే చేలకు వెళ్ళామని మీరు అనుకుంటే మీకింకా ఉద్యోగం అలవాటు కాలేదన్నమాట. ముందు ప్రాథమిక అంచనా పంపాలి. అది పైకి పోవాలి. పైనుంచి ఉత్తర్వు రావాలి. అప్పుడు గానీ యాప్ తెరుచుకోదు. మేము కదిలేసరికి ఎండలు కాస్తున్నాయి.

నాతో వచ్చేది ఆ ఊరి రెవెన్యూ అధికారి. రిటైర్మెంటుకు నాలాగే దగ్గరపడినవాడు. నోటి దురుసు మనిషి, మనసు మెత్తన. ఎప్పుడూ గొడుగు చంకలో పెట్టుకుని తిరిగేవాడు, వానొస్తే మాత్రం బండి తోలుతూ తడిసేవాడు. ఇద్దరం నల్లబడిన చేలన్నీ చూసుకుంటూ, ముక్కుకు కొంగూ రుమాలూ అడ్డం పెట్టుకుంటూ మా రైతు చేను దగ్గరికి చేరాం. అక్కడ చేను పచ్చగా ఉంది. దున్ని, సాళ్ళు తీసి, కొత్త నారు నాటేశాడు. కట్టెలు రేకుల కింద కడిగిన గిన్నెల్లా మెరుస్తున్నాయి.

"రాండి మేడం, కాఫీ తాగుదురు," అని ఎదురొచ్చాడు. మొహంలో గర్వం దాచుకోవడం చేతకాని మనిషి.

రెవెన్యూ ఆయన చేను వంక చూసి, "ఏమప్పా, నీ నష్టం యాడ పెట్టినావు?" అన్నాడు.

"ఆడుండాది సార్," అని చేను మూలకు చెయ్యి చూపించాడు. "కుళ్ళిందంతా గుంతలో ఏసి మన్ను కప్పినా. ఎరువన్నా అవుతాది గదా."

"బాగుండాది. ఇప్పుడు ఆ గుంతని ఫోటో తీయమంటావా?"

"తీయండి సార్, నేను పక్కన నిల్సుకుంటా."

అమాయకంగానే అన్నాడు. రెవెన్యూ ఆయన నా వైపు తిరిగి, "మేడం, ఈయన తెలివిని ఫోటో తీసే యాప్ ఇంకా రాలేదు," అని గొణిగాడు.

యాప్‌లో పచ్చని చేను ఫోటోనే పడింది. నేను ఊరుకోలేదు. గుంత ఫోటో తీశాను, చుట్టుపక్కల రైతులతో పంట పోయిన మాట నిజమేనని సంతకాలు పెట్టించాను, ఇద్దరం విడిగా వివరం రాసి పంపాం. తిరిగొచ్చింది. మదనపల్లె వెళ్ళి పై అధికారిని కలిశాను. ఆయన చెడ్డవాడు కాదు, నా మాట మొత్తం విన్నాడు.

"మేడం, మీరు చెప్పేది నిజమే. కానీ ఫోటోలో చేను కళకళలాడతా ఉంది. నేను ఒప్పుకుంటే రేపు ఆడిట్‌కు ఏం చూపించేది?"

"గుంత చూపించండి సార్," అన్నాను.

ఆయన నవ్వి కాఫీ తెప్పించాడు. ఆ కాఫీ నేను తాగలేదు. బస్సులో పుంగనూరు తిరిగి వస్తూ, నేను ఇంకా గట్టిగా అరిచి ఉంటే బాగుండేదా అని ఆలోచించాను. గట్టిగానే అరిచాననీ గుర్తొచ్చింది.

సాయం అందేవాళ్ళ పేర్లు రైతు కేంద్రం గోడకు అంటించారు. పక్క చేను అతని పేరు అందులో ఉంది. వానకు ముందే పెద్దమండ్యంలో అత్తగారింటికి పోయి, మేము వస్తున్నామని తెలిశాక తీరిగ్గా తిరిగొచ్చినవాడు. అతని తప్పేమీ లేదు, అతని పంటా నిజంగానే పోయింది. మా రైతు గోడ దగ్గర నిలబడి పైనుంచి కిందికి చదివాడు, మళ్ళీ చదివాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, నాకు నష్టం కాలేదా?"

"అయ్యిందప్పా. నేను చూడలేదా?"

"మరి ఈడ లేదే."

నేను నిబంధన చెప్పబోయాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "దుడ్డు సంగతి ఇడ్సిపెట్టండి మేడం. ఎట్లో పైరు పెట్టుకున్నా, బతుకుతాం. నాకు నష్టమే కాలేదని గవర్నమెంటోళ్ళు తేల్చేసినారు గదా. ఊర్లో ఏమనుకుంటారు? అబద్ధం సెప్పి మీకు కాఫీ పోసినా అనుకుంటారు."

అనుకోవడం కాదు, అన్నారు కూడా. టీ అంగడి దగ్గర అతనికి 'వాన పడనోడు' అని పేరు పెట్టారు. "ఊరంతా మునిగితే ఈయప్ప చేన్లో మాత్రం సుక్క పళ్ళేదంట, ఆఫీసర్లే రాసిచ్చినారు" అని నవ్వుకునేవాళ్ళు. కట్టెలకు దుప్పటి కప్పుతాడన్నప్పుడు తనూ నవ్విన మనిషి ఈ మాటకు నవ్వలేకపోయాడు. ఆ వేసిన పైరు బాగానే కాసింది, మదనపల్లె యార్డులో ధర కూడా ఫర్వాలేదు. గట్టెక్కాడు. కానీ అతను టీ అంగడికి వెళ్ళడం మానేశాడని ఆయమ్మ చెప్పింది.

మరుసటి ఏడు మళ్ళీ అదే మాసంలో వాన పట్టుకుంది. అది వెలిసీ వెలవక ముందే నేను బండి తీశాను. ఉత్తర్వు లేదు, యాప్ లేదు. ఆ ఊరు చూడాలనిపించింది, అంతే. దారి పొడవునా రైతులు మోకాళ్ళ దాకా బురదలో దిగి కట్టెలు పీకుతున్నారు. అన్ని చోట్లా పంట పోయింది కాబట్టి తర్వాత వచ్చే టమోటాకు మంచి ధర పలుకుతుందని మాట పుట్టింది. నర్సరీల దగ్గర నారు కోసం ఒకరినొకరు తోసుకుంటున్నారు. నిరుడు అత్తగారింట్లో కూర్చున్న పక్క చేను అతను కూడా ఈసారి లుంగీ ఎగగట్టి దిగాడు. మా రైతును చూసి వాళ్ళంతా నేర్చుకున్నారు కదా అని నాకు సంతోషం వేసింది.

ఆ సంతోషం అతని చేను దాకానే. కట్టెలన్నీ నిలబడే ఉన్నాయి. మొక్కలు వాటికి కట్టినవి కట్టినట్టే వేలాడుతున్నాయి. పగిలిన కాయ మీద ఈగలు ముసురుతున్నాయి. అతను చేను గట్టున, గెనిమ మీద, ఒక యూరియా సంచి పరుచుకుని కూర్చున్నాడు. పొలం కాపలా ఉన్నట్టు చేతిలో కర్ర.

"ఏమప్పా ఇది?" అన్నాను.

"మీ కోసరమే మేడం. ఏమీ ముట్టలేదు. ఆకు గూడా తెంపలేదు."

గెనిమ మీదే కూర్చుని చాలాసేపు చెప్పాను. ఉత్తర్వు ఎప్పుడొస్తుందో తెలియదన్నాను. ముందు పంట పెట్టుకో, నేను రాసిస్తానన్నాను.

"పోయినేడు గూడా రాసిస్తిరి గదా మేడం. మీ మాట నేను నమ్ముతా. పైనోళ్ళు నమ్మల్ల గదా."

"సగం చేను ఉంచుకో, సగం తీసెయ్. సగంలో నారు పడుతుంది."

"సగం తీస్తే సగమే నష్టం అంటారు."

"అనరప్పా."

"పోయినేడు అన్లేదా?"

నా సొంత ఫోన్‌తో నాలుగు వైపులా ఫోటోలు తీసి చూపించాను, ఇవి చాలు అన్నాను. యాప్ తెరవకముందు తీసిన ఫోటోలు చెల్లవని నాకు తెలుసు. అతనికీ తెలుసు. నిరుడు నేర్చుకున్న పాఠం అతను నాకంటే బాగా ఒప్పజెప్తున్నాడు.

ఆయమ్మ బోరు దగ్గర నన్ను ఆపింది. "మేడం, మీరు ఒగ మాట గట్టిగా సెప్పండి. నా మాట ఇన్లేదు. రేత్రింబగళ్ళు ఆడనే కుచ్చోనుండాడు. పందులొచ్చి తొక్కితే పందులే పాడు సేసినాయంటారంట. అందరూ నారు తెస్తాండారు. కట్టెలు తడిలో మగ్గిపోతాండాయి. ఆ కట్టెలు మా నాయిన ఇచ్చినవి గూడా ఉండాయి మేడం అందులో."

నేను రెవెన్యూ ఆయన్ని తీసుకుని మళ్ళీ వెళ్ళాను. ఆయన తన పద్ధతిలో తిట్టాడు. "ఒరే నాయనా, కుళ్ళు టమోటాకి కావలి కాసేవోణ్ణి నిన్నే సూస్తాండా. లేసి పని సూసుకోపో." రైతు తల వంచుకుని విన్నాడు, కాఫీ ఇప్పించాడు, మళ్ళీ గెనిమ మీదికే పోయాడు. వచ్చే దారిలో ఊరు దాటాక రెవెన్యూ ఆయన, "మేడం, ఈయన్ని సోమరిని చేసింది మనమే," అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. సోమరి ఎక్కడ, ఎండా మంచూ లెక్కచేయకుండా కూర్చున్నాడు కదా అన్నాను. ఎందుకు కోప్పడ్డానో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆయన అన్నది నిజం కాబట్టి కోపమొచ్చింది.

ఉత్తర్వు ఇవాళ వస్తుంది, రేపు వస్తుందని వాయిదా పడుతూ పోయింది. ఈలోపు పక్క చేలల్లో నారు పట్టింది, లేత ఆకులు విచ్చుకున్నాయి. మా రైతు చేను వాసన ఊళ్ళోకి కొట్టడం మొదలైంది. దాని ఈగలు, దాని తెగులు తమ పైరుకు తగులుతున్నాయని చుట్టూ ఉన్నవాళ్ళు గొడవకు వచ్చారు. నిరుడు వేళాకోళం చేసినవాళ్ళే ఇప్పుడు తిట్టారు. అతను ఎవరికీ ఎదురు మాట్లాడలేదట. "ఆఫీసర్లు వస్తారు, వొచ్చి సూసి పోనీండి, తీసేస్తా," అని మాత్రం అన్నాడట.

ఒక ఉదయం నేను వెళ్ళేసరికి ఆయమ్మ చేనులో దిగి కట్టెలు పీకుతోంది. ఎవరికీ చెప్పలేదు, కొంగు నడుముకు దోపుకుని ఒక పక్క నుంచి మొదలుపెట్టింది. ఎన్నో పంటలకు ఇద్దరూ చెరో పక్క నుంచి పీకుతూ వచ్చి మధ్యలో కలిసినవాళ్ళు. అతను అవతలి పక్క నుంచి వచ్చాడు. ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది, తనూ దిగి పీకుతాడని. అతను ఆమె దగ్గరికి వచ్చి, చేతిలోని కట్టె మెల్లగా తీసుకుని, అది ఉన్న గుంతలోనే మళ్ళీ నాటి, చుట్టూ మట్టి కాలితో అదిమాడు. ఆమె పీకినవన్నీ ఒక్కొక్కటే అలాగే నాటుకుంటూ వెళ్ళాడు. విరిగిపోయిన కుళ్ళు మొక్కను కూడా దారంతో కట్టాడు. ఆయమ్మ బురదలో నిలబడి చూసింది. కాళ్ళు కడుక్కుని ఇంటికి వెళ్ళిపోయింది. నా ఉద్యోగంలో అంత హీనంగా నాకు ఎప్పుడూ అనిపించలేదు.

చివరికి ఉత్తర్వు వచ్చింది. దాని వెనకే పైనుంచి పెద్ద బృందం వస్తోందని కబురు. జీపుల్లో వస్తారు, ఎక్కువ సేపు ఉండరు, రోడ్డుకు దగ్గరగా నష్టం బాగా కనబడే చేను చూపించమని నాకు చెప్పారు. మండలమంతా తిరిగాను. నష్టం కనబడే చేను ఒక్కటే మిగిలింది.

అతను ఆ రోజు తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. తల దువ్వుకున్నాడు. చేను లోపలికి నడవడానికి సంచులు పరిచాడు, అధికారుల బూట్లకు బురద అంటకుండా. వాళ్ళు రుమాళ్ళు ముక్కుకు అడ్డం పెట్టుకుని దిగారు. అతను పరీక్షకు బాగా చదువుకున్న విద్యార్థిలా అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాడు. ఎప్పుడు నాటాడో, వాన ఎప్పుడు పట్టిందో, నీళ్ళు ఎంతవరకు నిలిచాయో. బాగా కుళ్ళిన సాలు ఎక్కడుందో తనే నడిపించి చూపించాడు. అక్కడ నిలబెట్టి ఫోటో తీశారు.

"అన్ని చోట్లా ఇలా ఉంచి ఉంటే మాకూ సులువుగా ఉండేది," అన్నాడు వాళ్ళలో పెద్దాయన, నాతో. "మిగతావాళ్ళు తొందరపడి తీసేశారు."

మిగతావాళ్ళు రోడ్డు అవతల నిలబడి ఉన్నారు. మా చేలు కూడా చూడండని ఒకరిద్దరు ముందుకు వచ్చారు. వాళ్ళ చేలల్లో పచ్చని పైరు గాలికి ఊగుతోంది. పెద్దాయన దాన్ని చూసి సంతోషించి, వాళ్ళను మెచ్చుకుని జీపెక్కాడు. దుమ్ము అణిగాక మా రైతు నా వైపు తిరిగి, "బాగా సెప్పినానా మేడం?" అని అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. బాగా చెప్పావని అన్నాను.

అతను ఆ సాయంత్రమే కట్టెలు పీకడం మొదలుపెట్టాడు. కట్టెలు దాదాపు అన్నీ అడుగున మెత్తబడి, పీకుతుంటే విరిగి, మొదలు నేలలోనే ఉండిపోయింది. చేను ఆరి దున్నేసరికి అదను దాటింది. నారు దొరికినా నాటడానికి కట్టెలు లేవు, కొత్తవి కొనే స్తోమత లేదు. ఆ ఏడు టమోటా ధర ఎంత పైకి పోయిందో మీలో మదనపల్లె వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ ఊరి నుంచి బాక్సులతో నిండిన బండ్లు యార్డుకు పోతూనే ఉన్నాయి. పక్క చేను అతను ఇంటికి సున్నం కొట్టించాడు. మా రైతు ఆ బండ్లలో బాక్సులు ఎక్కించే కూలికి పోయాడు. నేను ఒకసారి యార్డు గేటు దగ్గర అతన్ని చూశాను. అతను నన్ను చూడలేదు. చూడనట్టు తిరిగిపోయింది నేనే.

ఈలోగా నేను రిటైరయ్యాను. శాలువా కప్పించుకుని ఇంట్లో కూర్చున్నాను. ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. అతని గొంతు అంత హుషారుగా విని ఎన్నాళ్ళయిందో.

"మేడం, పడినాది! బ్యాంకులో పడినాది. మీరు ఒగసారి రావల్ల."

రానని అనలేకపోయాను. మరునాడు బస్సెక్కి వెళ్ళాను. చేను బీడుగా పడి ఉంది, కలుపు మొలిచింది. ఇంటి ముందు రేకుల కింద, కట్టెలు పేర్చే చోట, కోళ్ళు తిరుగుతున్నాయి. అతను గుమ్మంలోకి ఎదురొచ్చి కుర్చీ తుడిచాడు.

"ఈసారి గెల్సినా మేడం. వాన పడనోడు అన్నోళ్ళందరికీ సూపించినా. ఊర్లో నాకొక్కనికే వచ్చినాది."

ఆయమ్మ పొయ్యి దగ్గర కాఫీ పెడుతోంది. నన్ను చూసి నవ్వింది. పొయ్యిలో మండుతున్నవి టమోటా కట్టెలు. ఒక చివర ఇంకా దారం ముడి ఉంది. పక్కన మోపుగా మరికొన్ని ఉన్నాయి, పొట్టిగా నరికినవి.

"ఇవన్నీ పొయ్యిలోకేనా?" అన్నాను ఆమెతో.

"ఇరిగినవి ఇంగ దేనికి పనికొస్తాయి మేడం? బాగా ఆరినాయి, బాగానే మండుతాయి. వానాకాలం దాకా వంటకి సాల్తాయి," అంది.

"వచ్చిన దానితో కొత్త కట్టెలు కొనచ్చు కదా?"

"అది కట్టెలకి సాలదు మేడం." విసుక్కోలేదు, మామూలుగానే చెప్పింది.

అతనికి ఆ మాటలు పట్టలేదు. ఫోన్ నా చేతిలో పెట్టాడు. బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్, ఇంగ్లీషులో ఉంది. చాలా మందికి చూపించినట్టుంది, అద్దం మీద వేలిముద్రలు. "మీరు సదవండి మేడం. వీళ్ళెవురూ సరిగా సదవలేదు."

చదివాను. ఎంత పడింది, ఏ తేదీన పడింది, ఖాతాలో మొత్తం ఎంత ఉంది. అంతే ఉంది అందులో.

"నష్టపోయినానని రాసినారా మేడం? వానకి నా పైరు పోయినాదని ఉండాదా అందులో?"

అతని కళ్ళలోకి చూశాను. గెనిమ మీద సంచి పరుచుకుని రాత్రింబవళ్ళు కూర్చున్నది దీని కోసమే.

"ఉందప్పా," అన్నాను. "పంట మొత్తం నష్టపోయాడని రాశారు."

"ఇన్నావా మే?" అని భార్య వైపు తిరిగాడు. "రాసినారంట."

ఆయమ్మ తల ఎత్తలేదు. పక్కనున్న మోపులోంచి ఒక కట్టె తీసి, మంట తగ్గకుండా పొయ్యిలోకి తోసింది.